మెసేజ్ రాకపోతే బాగున్నట్టే

ఆగస్టు 5, మంగళవారం

పొద్దున్నే చెన్నయ్య బాబాయి దగ్గులో నెత్తురు పడింది. వరసకే బాబాయి — పక్కిల్లు. నాన్నా ఆయనా పదిహేనేళ్లు ఒకే క్రషర్‌లో రాళ్లు పగలగొట్టారు. నాన్న నడుం పోయి మానేశాడు. బాబాయి మానలేదు. అంకమ్మ పిన్ని చేతిలో చేట అలాగే పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. "అమ్మే శిరీషా, మీ బాబాయి నోట్లో నెత్తురొస్తందే. పేట పోవాల, నువ్వూ రా."

ఆఫీసుకు సెలవు పెట్టాను. మా రెండిళ్లలో ఎవరు కాగితాలుండే చోటికి వెళ్లినా నేను పక్కన ఉండాలి. ఆరో తరగతి నుంచీ ఇదే నా పని. వాళ్లకు పిల్లలు లేరు. చదవడం వచ్చిన పిల్లను నేనొక్కదాన్నే.

అడ్డరోడ్డులో బస్సెక్కాం. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని బాబాయి — "మీ సారు తిడతాడేమో గదమ్మా..." నెత్తురు పడుతుంటే నా ఆఫీసు గురించి బెంగ.

పేటలో ట్రస్టు ఆసుపత్రి. డాక్టరు కంప్యూటర్లో చూశాడు. "ఏప్రిల్లో మీ క్రషర్ దగ్గర క్యాంపు పెట్టాం కదా. అప్పుడే ఎక్స్-రేలో కనిపించింది. మళ్లీ రమ్మని మెసేజ్ పెట్టాం. ఎందుకు రాలేదు?"

బాబాయి నా వైపు చూశాడు. పిన్ని బాబాయి వైపు చూసింది.

"మెసేజ్ రాలేదు సార్." అన్నది నేనే. ఆయన తెర నా వైపు తిప్పాడు. చెన్నయ్య — మళ్లీ పిలవాలి — పక్కన పచ్చ గుర్తు, పంపడమైంది అని.

ఆ పచ్చ గుర్తు నాకు తెలుసు. ఆ సాఫ్ట్‌వేర్ చేసింది మా ఆఫీసే.

ఆగస్టు 6

వార్డులో చేర్చారు. ఊపిరితిత్తుల్లో రాతిదుమ్ము గట్టిపడిందట. దాని మీద టీబీ. టీబీకి మందులున్నాయి. "నాలుగు నెలల కింద మొదలుపెట్టుంటే..." డాక్టరు వాక్యం పూర్తి చేయలేదు. పూర్తి చేయమని నేనూ అడగలేదు.

వరండాలో పిన్ని. "పని పోయిద్దని దాసిపెట్టాడమ్మే. ముప్పై యేళ్ల కాపరంలో నా దగ్గర ఒక్క మాట దాసి ఎరగడు. ఇది దాశాడు." ఏడవడం లేదు. కోపం. 

"నిజంగా రాలేదు పిన్నీ..."

"కంప్యూటర్లో చూపిచ్చె గదా! డాక్టరుకి అబద్ధమాడాల్సిన పనేంది?"

ఆ కంప్యూటరును నేనూ అంతే నమ్ముతాను.

ఆగస్టు 7

ఆఫీసు. రెండు గదులు, ఆరుగురం. ఎవరితోనూ మాట్లాడకుండా ఏప్రిల్ నెల లాగ్ తెరిచాను — ఏ మెసేజ్ ఎప్పుడు ఏమైందో రాసి ఉండే చిట్టా.

మా అప్లికేషన్ చెన్నయ్య పేరుతో మెసేజ్ తయారుచేసి పంపే భాగానికి అందించింది. అందించగానే పచ్చ గుర్తు వేసింది. ఆ తర్వాత అది ఫోనుకు వెళ్లిందా లేదా అని మళ్లీ చూడలేదు. చూడమని మేము దానికి చెప్పలేదు.

పంపే భాగం మేము రాసింది కాదు, మేము తెచ్చి వాడుకునే రెడీమేడ్ ఫ్రేమ్‌వర్క్‌ది. దానిలో 'ఆపినవి' అని ఒక జాబితా ఉంది. నేను దాన్ని ఎప్పుడూ తెరవలేదు. ఈరోజు తెరిచాను.

ముప్పై ఒక్క పేర్లు.

ముందు నాన్న పేరు కోసం వెతికాను. క్యాంపులో ఆయనకూ ఎక్స్-రే తీశారు. లేదు. రెండుసార్లు చూశాను. లేదు. ఊపిరి పీల్చుకున్నాను... అప్పుడు చూశాను చెన్నయ్య పేరు. ఆ వరస నాకు సిగ్గుగా ఉంది. ఎవరికీ చెప్పలేను కనుక ఇక్కడ రాస్తున్నా.

ఆగస్టు 7, సాయంత్రం

మే నెల రాయాలి. రాయకుండా తప్పించుకుంటున్నాను.

క్యాంపులో క్రషర్ వాళ్లందరూ శేషయ్య మేస్త్రి నంబరే ఇచ్చారు. మా వైపు అంతే. పనికి పిలిచినా, లారీ వచ్చినా, ఎవరికైనా దెబ్బ తగిలినా కబురు మేస్త్రి ఫోనుకే. సొంత ఫోనున్నవాడు కూడా అడిగితే మేస్త్రి నంబరే చెబుతాడు — అది తన నంబరే అన్నట్టు.

మేలో ఒక ఆదివారం బాబాయి ఆ ఫోను అడిగి పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. "చూడమ్మా, ఆసుపత్రోళ్లు ఏమన్నా పంపారా?" ఒక్కటి ఉంది. గురవయ్య మళ్లీ రావాలని. చదివాను.

"నాది?"

"నీది లేదు బాబాయ్. మళ్లీ రావాల్సిన వాళ్లకే పంపుతారు. మెసేజ్ రాకపోతే బాగున్నట్టే."

"అంతేనంటావా?"

"ఆ సాఫ్ట్‌వేర్ మేం చేసిందే బాబాయ్, నాకు తెలీదా!"

నవ్వాడు. సాయంత్రం తాటిముంజలు తెచ్చి మా అరుగు మీద పెట్టి వెళ్లాడు. లేతవి ఏరి తెచ్చాడు.

ఆగస్టు 8

దొరికింది.

ఆసుపత్రికి మూడు శాఖలు — పేట, మాచర్ల, గురజాల. క్యాంపులు నాలుగోది. అందరికీ కలిపి పైన ఒక కాన్ఫిగ్ ఫైలు, ఏది ఎలా నడవాలో చెప్పేది. దాని కింద ఒక్కో శాఖకు ఒక చిన్న ఫైలు. పైన రాసినవి కిందికి వాటంతట అవే దిగుతాయి. తేడాగా కావాల్సినవి మాత్రం కింద రాసుకుంటాం. చేరిన కొత్తలో ఇది నాకు ఎంత నచ్చిందో! ఒకసారి రాస్తే అందరికీ వర్తించడం.

పైఫైల్లో మెసేజ్‌ల సెక్షన్ ఒకటుంది. ఎవరి పేరు మీద వెళ్లాలి, ఏ వేళల్లో, ఏ భాషలో... అందులోనే ఒక లైను — ఒకే నంబరుకు ఎన్నయినా పంపవచ్చు. ఇంటికి ఒక ఫోను ఉండే చోట్ల కోసం ఎవరో ముందుచూపుతో రాసింది.

మార్చిలో క్యాంపుల ఫైలు నాకిచ్చారు. మెసేజ్‌లు ఇంగ్లీషులో వెళ్తున్నాయి. క్రషర్ వాళ్లకు ఇంగ్లీషులోనా? తెలుగులో వెళ్లాలని నేనే పట్టుబట్టాను. సార్ సరే అన్నారు. కింది ఫైల్లో మెసేజ్‌ల సెక్షన్ తెరిచి ఒకే ఒక్క లైను రాశాను. భాష: తెలుగు.

హసీనా అక్క నా కుర్చీ వెనక నిలబడి చూసింది. నాకు పని నేర్పింది ఆమే.

"ఈ సెక్షన్ కింద మళ్లీ తెరిచింది నువ్వేనా?"

"అవునక్కా. భాష కోసం. మిగతావి పైనుంచి వస్తాయి కదా."

"విడి లైనయితే వస్తయ్ శిరీ. సెక్షన్ పేరే మళ్లీ రాస్తే రావు. పై సెక్షన్ మొత్తం పక్కకి పోయిద్ది. నువ్వు రాసిందే మిగులుద్ది."

"మరి రాయనివి?"

"ఫ్రేమ్‌వర్క్ సొంతంగా ఏదనుకుంటే అది."

ఫ్రేమ్‌వర్క్ అనుకునేది: ఒక నంబరుకు రోజుకు ఒక్కటే. మిగిలినవి ఆపి ఉంచు, ఎవరైనా చూసి వదిలేదాకా, లేదా ఈ హద్దు ఎత్తేసేదాకా. ఆపడం దాని లెక్కలో తప్పు కాదు. అందుకే ఎర్ర గీత ఎక్కడా పడలేదు.

మేస్త్రి నంబరుకు ఆ రోజు వెళ్లాల్సినవి రెండు. జాబితా అక్షరక్రమంలో ఉంటుంది. గ ముందు, చ తర్వాత. గురవయ్యది వెళ్లింది.

ఆగస్టు 8 — ఇంకా

పరీక్షించకుండా పెట్టలేదు. నా నంబరుకు పంపి చూశాను. తెలుగులో వచ్చింది, అక్షరాలు చక్కగా. హసీనా అక్కకు చూపించి మురిసిపోయాను కూడా. కానీ ఒక్కటే పంపాను. మొదటిది ఎప్పుడూ వెళ్తుంది.

ఫ్రేమ్‌వర్క్ పుస్తకంలో ఆ సంగతి రాసే ఉంది. ఇవాళ చదివాను. 'కింది ఫైలు పైఫైలు నుంచి అన్నీ తీసుకుంటుంది' అన్నది మొదటి పేజీలో. సెక్షన్ల సంగతి రెండో పేజీలో. నేను మొదటి పేజీతో ఆగాను.

ఆగస్టు 9, శనివారం

మా ఆఫీసు పెట్టిన ప్రసాద్ సార్‌కు చెప్పాను. అరవలేదు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఇంకెన్ని?" అన్నారు. ముప్పై ఒకటి అన్నాను.

సరిచేయడానికి మూడు నిమిషాలు పట్టింది. పై సెక్షన్‌లోని లైన్లన్నీ కింద కూడా రాశాను.

సేవ్ చేసేలోపు సార్ ఆపారు. "ఆగు. ఇది పెట్టగానే ఆ ఆపినవన్నీ బయటికి పోతాయా?" పోతాయి సార్. "ఏప్రిల్ తేదీతో? ఆగస్టులో?" అవును సార్. "వద్దు. అవి తీసెయ్. ఫోన్ చేసి ఒక్కొక్కర్నీ పిలుద్దాం. ఎందుకు లేటయిందంటే 'సాంకేతిక కారణాలు' అని చెప్పు. మన తప్పని ఎక్కడా రాయమాక. ఆరు కుటుంబాలమ్మా..."

ఫోన్ చేస్తే త్వరగా వస్తారు, నిజమే. పేర్లూ నంబర్లూ నోట్‌బుక్‌లో రాసుకున్నాను. తర్వాత ముప్పై ఒక్కటీ తీసేశాను. చెన్నయ్యది కూడా. అంతే. తీసేశాను.

ఆ మెసేజ్ ఇప్పుడు, ఆగస్టులో, బయటికి వెళ్లి ఉంటే మేస్త్రి ఫోన్లో పడేది. పిన్నికి తెలిసేది, బాబాయి ఏమీ దాచలేదని. ఇది నాకు బస్సులో తట్టింది. అప్పటికే...

ఆగస్టు 11

ఫోన్లు.

"ఎవురమ్మా? బ్యాంకు లోనా? మాకొద్దు." — కట్. మళ్లీ చేశాను. "చెప్తే అర్థం కాదా నీకు?" — కట్. మూడోసారి — "ఆసుపత్రా! ముందు జెప్పొద్దా తల్లీ, తిట్టిచ్చుకుంటివి..."

"ఆ మడిసి మా ముఠాలో లేడిప్పుడు. కృష్ణ దాటి పోయాడు పనికి. ఆడి మేస్త్రి నంబరిస్తా, రాసుకో."

"నాకేం లేదమ్మా, గిత్తలాగున్నా. నా తోటోడికి దగ్గు, ఆణ్ణి తోలుకు రానా?" తీసుకు రండి, మీరూ రండి అన్నాను.

ఆగస్టు 12

బెల్లంకొండ వైపు ఒక మేస్త్రి — "ఏప్రిల్ ఫోటోకి ఆగస్టులో పిలుస్తారా? ఏందమ్మా ఇది?" సాంకేతిక కారణాల వల్ల అని చదివాను. "అంటే ఏంది?" అన్నాడు. "త్వరగా పంపండి బాబాయ్" అన్నాను. పరిచయం లేని మనిషిని బాబాయ్ అనేశాను.

ఇంకొక నంబరు. పేరు చెప్పగానే ఆడగొంతు — "ఆయన జూన్లోనే పోయాడమ్మా. ఎందుకు?"

ఎందుకో చెప్పలేదు.

ఆగస్టు 14

ఇరవై నాలుగు మంది వచ్చి చూపించుకున్నారట. ఇంకొందరు వస్తారు. హసీనా అక్క నా భుజం తట్టి "చూడు, అందుతున్నారు" అంది. అందనివాళ్ల వైపే నా కళ్లు.

సాయంత్రం వార్డులో శేషయ్య మేస్త్రి. బత్తాయిలు తెచ్చాడు. పిన్ని సంచి అందుకోలేదు.

"ఫోను నీ జేబులోనే గదయ్యా ఉండేది. వచ్చిందని ఒక్క మాట నాతో అంటే నీ సొమ్మేం పోయిద్ది? మడిసి పోతే ముఠాలో ఒక చెయ్యి తగ్గుద్దని ఇద్దరూ కలిసి మింగారు."

"అమ్మా అంకమ్మా, నా పిల్లల మీదొట్టు, నాకు రాలా..."

"పిల్లల మీద ఒట్టేయమాక! పాపం తగులుద్ది."

మేస్త్రి నా వైపు తిరిగాడు. "నువ్వు చూశావుగదమ్మాయ్ ఆ రోజు నా ఫోను? చెప్పు."

"చూశాను పిన్నీ, లేదు" అన్నాను. అంతవరకే అన్నాను.

"నీకు జూపిచ్చేలోపు తుడిపేసుంటాడు" అంది పిన్ని.

బాబాయి కళ్లు మూసుకుని పడుకున్నాడు. నిద్రపోవడం లేదు. మేస్త్రి బత్తాయిల సంచి మంచం కింద పెట్టి, చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్లిపోయాడు. అరవై ఏళ్ల మనిషి.

ఆగస్టు 17, ఆదివారం

నాన్నకు చెప్పాను. కాన్ఫిగ్, సెక్షన్ ఏమీ అనలేదు. "రాకపోవడానికి కారణం నేనే నాన్నా" అన్నాను. నోట్లో చుట్ట తీశాడు.

"ఎవురికన్నా చెప్పావా?"

"ఆఫీసులో."

"చెప్పమాక ఇంక. చెప్తే లేచి తిరుగుతాడా ఆడు?" చుట్ట పారేసి — "నిన్ను జదివిచ్చింది నలుగురూ నీ మీద రాళ్లెయ్యటానిక్కాదు."

అమ్మ లోపల అన్నీ వింటూనే ఉంది. నాకు అన్నం పెట్టేటప్పుడు కంచంలో ఎక్కువ పెట్టింది.

ఆగస్టు 20

ఫైలు మళ్లీ తెరిచి చూశాను. ఏమీ మారదు, తెలుసు. 'భాష: తెలుగు' — ఆ లైను తప్పు కాదు. అదే నన్ను తినేస్తోంది. అది మంచి లైను.

ఆగస్టు 24, ఆదివారం

బాబాయికి చెప్పాను.

పిన్ని క్యాంటీనుకు వెళ్లింది. బాబాయి దిండు నిలబెట్టుకుని కూర్చున్నాడు. చేతులు ఎంత సన్నబడ్డాయో. నేను మంచం అంచున కూర్చుని మొదటి నుంచీ చెప్పాను. పైఫైలు, కింది ఫైలు, తెలుగు...

"నువ్వేం జేస్తావమ్మా" అన్నాడు మధ్యలో. "ఉంటే జదువుతావు. ఫోన్లో లేంది ఏడనుంచి జదువుతావు?"

"చదివింది కాదు బాబాయ్. రాసింది. అది బయటికి రాకుండా ఆపింది నేను రాసిన లైనే."

అప్పుడు అర్థమైంది ఆయనకు. కిటికీ వైపు చూశాడు. దగ్గొచ్చింది, నీళ్లిచ్చాను. తాగాడు — నా చేతి నీళ్లే.

"తెలుగులో రావాలనా జేశావు?"

"అవును."

"మాకు తెలుగైనా ఏడొచ్చు." నవ్వాడు. నవ్వితే మళ్లీ దగ్గు.

"ఇంకా ఎంతమందికి రాలా?" ముప్పై మందికి అన్నాను. అందరికీ ఫోన్ చేశావా అన్నాడు. చేశాను అన్నాను. ఆ జూన్ మనిషి సంగతి చెప్పలేదు.

"పిన్నికి నేను చెప్తా బాబాయ్. ఊరికే నిన్ను తిడుతోంది. మేస్త్రిని కూడా..."

"వద్దు." గట్టిగా అన్నాడు. "చెప్పమాక. నే పోయినాక దానికెవురమ్మా కాగితం జదివి పెట్టేది? ఇది తెలిస్తే నీ మొహం జూడదు. నాకు తెలుసు దాని సంగతి. నన్నంటే అననీ. నాకేం కొత్తా?"

"మరి మేస్త్రి..."

"మేస్త్రికి నే జెప్పుకుంటాలే."

పిన్ని టీ గ్లాసులతో వచ్చింది. "ఏందీ, బాబాయీ కూతురూ గుసగుసలు? ఇంకేం దాస్తన్నారు నా దగ్గర?" అంది, సగం ఎగతాళిగా.

ఆగస్టు 30

ఇంటికి పంపేశారు. మందులు వాడండి అన్నారు. ఇక చేసేదేం లేదన్నట్టు పంపిన తీరు నాకు నచ్చలేదు.

సెప్టెంబరు 3

గోడ ఇవతలికి పిన్ని గొంతు. "పిలిచినప్పుడు పోయుంటే ఈపాటికి పనికి పోతుండేటోడివి గదా. తాగు, ఇది తాగు... మొండి మడిసి..." బాబాయి జవాబు వినిపించదు.

సెప్టెంబరు 7

మాత్రలకు పిన్నికి రంగుల గుర్తులు చెప్పి ఇచ్చాను. ఎర్రది పొద్దున, తెల్లది అన్నం తర్వాత. "నువ్వు లేకపోతే నా గతేందే అమ్మే" అంది నా బుగ్గ నిమిరి.

బాబాయి అవతల నుంచి నన్నే చూస్తున్నాడు. చెప్పలేదుగా అన్నట్టు.

సెప్టెంబరు 12

మేస్త్రికి ఇంకా చెప్పలేదట. "పనిలో ఉంటాడు, వచ్చినప్పుడు జెప్తా" అన్నాడు బాబాయి. మేస్త్రి ఎలా వస్తాడు? పిన్ని గుమ్మం తొక్కనివ్వదు.

సెప్టెంబరు 19

పొద్దున ఏడింటికి. పోయాడు.

సెప్టెంబరు 20

శేషయ్య మేస్త్రి లోపలికి రాలేదు. రోడ్డు మీద, ముఠా వాళ్లందరికీ వెనక నిలబడ్డాడు. పాడె లేపేటప్పుడు ముందుకు రాబోయాడు. పిన్ని చూసిన చూపుకు ఆగిపోయాడు. పాతికేళ్లు కలిసి పనిచేసినవాళ్లు. భుజం పట్టలేకపోయాడు.

నేను అక్కడే ఉన్నాను. అంత దగ్గర్లో.

సెప్టెంబరు 25

పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్లకూ పిన్ని అదే చెబుతోంది. "పిలిచారంటమ్మా. పోలేదంట. నాకు జెప్పలేదంట." మొదట కోపంగా చెప్పేది. ఇప్పుడు కోపం లేదు. అప్పగించినట్టు చెబుతుంది. ముప్పై ఏళ్లలో ఆయన్ను గురించి మిగుల్చుకున్నది అదొక్కటే అయింది.

సెప్టెంబరు 30

నిన్న పెద్దకర్మ. బాబాయి మాట తప్పకూడదని ఒక మనసు. ఆ మాట పిన్ని కోసమే అన్నాడు, మేలు జరిగింది మాత్రం నాకు. నా మేలు కోసం ఆయన అబద్ధాలకోరుగా మిగలాలా?

నాన్న నా మొహం చూసి "వద్దు" అన్నాడు. నేనేమీ అడగకముందే.

అక్టోబరు 5, ఆదివారం

చెప్పాను.

పిన్ని పెరట్లో బాబాయి చొక్కాలు ఉతికి ఆరేస్తోంది. ఎవరికో ఇవ్వాలట. నేను బకెట్ పట్టుకున్నాను. "ఈ నీలంది కొత్తదే. పండక్కి కట్టుకుంటానన్నాడు. పిలిచినప్పుడు పోయుంటే..."

"పిలవలేదు పిన్నీ."

"మళ్లీ మొదలెట్టావా?"

"ఆ మెసేజ్ ఆసుపత్రి కంప్యూటర్లోంచి బయటికే రాలేదు. మేస్త్రికి రాలేదు, బాబాయికి తెలియదు. ఆగిపోవడానికి కారణం నేను రాసిన లైను. పచ్చ గుర్తు చూపించిందీ మేము చేసిందే. అది తప్పు చూపించింది."

నీలం చొక్కా తీగ మీద సగం వేసి అలాగే పట్టుకుంది. "ఎవురు రాసింది?"

"నేను."

"నువ్వు జదువుతావు గదే. రాసేది కూడా నువ్వేనా?"

"నా ఉద్యోగమే అది పిన్నీ."

చొక్కాలోంచి నీళ్లు కారుతున్నాయి. కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండు అనుకున్నాను.

"ఆయనకి తెలుసా?"

"ఆసుపత్రిలోనే చెప్పాను. నీకు చెప్పొద్దన్నాడు."

"ఆసుపత్రిలోనే..." లోపలి గదిలోని మంచం వైపు చూసింది. "అంటే... ఇంటికొచ్చినాక నేను అన్నేసి మాటలంటా ఉంటే. రోజూ. పొయ్యేరోజు పొద్దున కూడా అన్నా. తెలిసే ఊరుకున్నాడా?"

అబద్ధం చెప్పొచ్చు. మందుల మత్తులో మరిచిపోయి ఉంటాడని చెప్పొచ్చు. తట్టింది కూడా.

"తెలుసు పిన్నీ."

చొక్కా సరిగ్గా ఆరేసింది. మడతలు పోయేలా చేత్తో సాగదీసింది. "పో అమ్మే" అంది. నా వైపు చూడలేదు. "పో ఇంటికి."

అక్టోబరు 6

పొద్దున్నే పిన్ని మేస్త్రి ఇంటికి వెళ్లిందని నాన్న చెప్పాడు. ఏం మాట్లాడిందో ఎవరికీ తెలియదు. తిరిగి వచ్చేటప్పుడు మేస్త్రి వీధి మలుపు దాకా ఆమె వెనకే నడిచి వచ్చాడట.

నాన్న నాతో మాట్లాడటం లేదు.

అక్టోబరు 8

ఆసుపత్రికి ఉత్తరం పంపాను, నా పేరుతో. చెన్నయ్య ఫైల్లో 'పిలిచాం, రోగి రాలేదు' అని ఉంది. 'మెసేజ్ చేరలేదు' అని మార్చమన్నాను. ఎందుకు చేరలేదో రాశాను. ముప్పై ఒక్క పేర్లూ జతచేశాను. జూన్లో పోయిన ఆయన పేరు కూడా.

నకలు ప్రసాద్ సార్ చదివారు. "నన్నడిగితే వద్దంటానని అడగలేదు, కదూ?" అవును సార్. "సోమవారం మాట్లాడదాం." హసీనా అక్క నా బల్ల మీద మంచినీళ్ల గ్లాసు పెట్టి వెళ్లింది.

అక్టోబరు 10

గోడ అవతల ఏ చప్పుడూ లేదు. తిట్టు లేదు, ఏడుపు లేదు. పిన్ని పిల్లి మెదిలినట్టు మెదులుతోంది. గురవయ్య ఎదురుపడ్డాడు — మందులు వాడుతూ పనికి వెళ్తున్నాడు. "బాగున్నావా అమ్మాయ్?" అన్నాడు. తల ఊపాను.

నేను చెప్పకపోతే ఆమెకు ఆయన మీద ఆ నింద ఒక్కటైనా మిగిలేది. చెప్పి అదీ తీసుకున్నాను. ఏం ఇచ్చాను? ... తెలియదు.

అక్టోబరు 12, ఆదివారం

ట్రస్టు ఆసుపత్రి నుంచి బాబాయి మరణం మీద డాక్టరు రాసిచ్చిన పత్రం వచ్చింది. పిన్ని దాన్ని పట్టుకుని మా ఇంటి ముందు నుంచి కొట్టు వైపు వెళ్లింది, అక్కడెవరితోనైనా చదివించుకుందామని కాబోలు. చూడకుండా వెళ్లింది. కాసేపటికి అటు నుంచి వెనక్కి వచ్చింది. కొట్టు తెరవలేదో, అడగలేకపోయిందో.

మా గుమ్మానికి ఎదురుగా రోడ్డు మీద ఆగింది. నేను లేచి మెట్లు దిగాను. ఆమె కదల్లేదు. కాగితం నా ముందుకు చాపింది, ఒక అంచు వదలకుండా.

"ఇందులో ఆయన పేరు ఏడుందో చూపించు. చదవమాక."

వేలు పెట్టి చూపించాను. నేను తీశాక అక్కడే తన వేలు పెట్టింది. పెట్టి, అలాగే నిలబడింది.

కింద ఒక గడి ఉంది, మరణానికి కారణం అని. ఏదో రాశారు. చదవొద్దంది కనుక చదవలేదు.